కర్రు మీద కుంకుమ

జేబులో చేతిరుమాలు ఉంది. పెద్దలెక్కిన గుర్రపు బగ్గీ ఇంకా కిందే ఉంది, మలుపు తిరిగి ఏటవాలు ఎక్కాలి. పసుపూ కుంకుమా తడి ఆరలేదు. ఒక్క తుడుపుకి పోయేవి. రాజగోపాల్ ఎందుకు తుడవలేదు?

ఎన్నేళ్ళు ఆలోచించినా ఈ ముడి విడదు. మరిచిపోయాడనడానికి లేదు, రుమాలు బయటికి తీశాడు కూడా. భక్తి అనుకోవడానికీ లేదు, పండగపూట తలంటు పోసుకోవడానికే నసపెట్టే మనిషి. పోనీ కామేశ్వరిని అడుగుదామంటే, ఆవిడకి తెలిసినంతలో ఆ రోజున ఏమీ జరగనే లేదు. "ఆ గుర్రాల కల్టివేటరా? బరువెక్కువైందని వద్దన్నారటండీ" అంటుంది. మొగుడు ఆవిడకి చెప్పింది అంతే మరి.

రాజగోపాల్‌ది పల్నాడు. చిన్నప్పుడు ఎద్దుల మూతికి చిక్కం కట్టి మిరప సాళ్ళ మధ్య గుంటక తోలాడు. తర్వాత ఖరగ్‌పూర్‌లో వ్యవసాయ యంత్రాల చదువు చదివి, అరవై తొమ్మిదిలో ఒహాయో వచ్చి పడ్డాడు. ట్రాక్టరు వెనక తగిలించే కల్టివేటర్లు చేసే కంపెనీలో ఉద్యోగం. పైరు సాళ్ళ మధ్య కలుపు పెకలించే యంత్రాలవి. అందులో అతని వంతు ఒకదానికి బ్రాకెట్టు, ఇంకోదానికి స్ప్రింగు. ఇదిగో, ఇది మొదట్నించీ చివరిదాకా నా చేత్తో చేసిందని చూపించుకోవడానికి ఒక్క యంత్రమూ లేదు. ఆ వెలితి సంగతి ఎవరితోనూ అనేవాడు కాదు. తెలుగువాళ్ళ ఇళ్ళలో పార్టీలకి వెళ్తే గ్రీన్‌కార్డులూ, ఇళ్ళ ఇంటరెస్ట్ రేట్లూ మాట్లాడుకునేవాళ్ళు. అతను పెరుగన్నం పళ్ళెం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడేవాడు.

ఎనభై రెండు వచ్చేసరికి అప్పుల్లో మునిగిన రైతులు ట్రాక్టర్లే కొనడం మానేశారు. వెనక తగిలించేవి ఇంకెవరిక్కావాలి? ఒక శుక్రవారం మధ్యాహ్నం కంపెనీ సగం మందిని ఇంటికి పంపేసింది. కామేశ్వరికి ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం ఉంది కాబట్టి పొయ్యి ఆరలేదు. పని లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రాజగోపాల్ పొలాలు వేలం వేసే చోట్లకి వెళ్ళేవాడు. కొనడానికి కాదు. చావింటికి వెళ్ళినట్టు వెళ్ళి, ఒక పక్కన నిలబడి, తిరిగొచ్చేవాడు.

అలాంటి ఒక వేలంలో మోజెస్ కనిపించాడు. మోజెస్ ఆమిష్ క్రైస్తవుడు, కమ్మరి. ఆ జనం ఇంట్లో కరెంటు పెట్టుకోరు, కారు నడపరు, పొలంలోకి ట్రాక్టరు దించరు. దుక్కైనా కలుపైనా గుర్రాలతోనే. గడ్డి టోపీ పెట్టుకున్న ఆ పొడుగాటి మనిషి, తుప్పు పట్టిన రెండు గుర్రాల కల్టివేటరు ముందు గొంతుక్కూచుని దాని పళ్ళు ఒక్కొక్కటే ఊపి చూస్తున్నాడు.

"దీన్నేం చేసుకుంటావు?" అన్నాడు రాజగోపాల్, ఉండబట్టలేక.

"పళ్ళు పీకి ఇంకోదానికి పెడతా."

"కొత్తది కొనుక్కోవచ్చుగా."

మోజెస్ తలెత్తి చూశాడు. "చేసేవాడేడీ? మా తాత కొన్నదాన్నే మా నాన్న అతికాడు. మా నాన్న అతికినదాన్ని నేను అతుకుతున్నా."

"ఎక్కడ తంటా పెడుతుంది?"

"మా కొండవాలు చేలల్లో. మిషను కిందికి జారుతుంది, పళ్ళు కలుపుని వదిలేసి మొక్కజొన్న మొలకని పీకుతాయి. దున్నినట్టే ఉంటుంది, పైరు మాత్రం ఉండదు."

రాజగోపాల్ కూడా పక్కనే గొంతుక్కూచున్నాడు. చాలా నెలల తర్వాత అతనికి ఒళ్ళు తెలిసింది.

పాత కల్టివేటరులో గుర్రాలు సాలుకి ఆ పక్కొకటీ ఈ పక్కొకటీ నడుస్తాయి. పైన కూర్చున్న మనిషి రెండు పాదాలతో పళ్ళ వరసల్ని అటూ ఇటూ తోసుకుంటూ మొలకల్ని తప్పించాలి. వాలులో ఒక పక్క పళ్ళు లోతుగా దిగితే రెండో పక్కవి గాల్లో తేలతాయి. రాయి తగిలితే కొయ్య మేకు విరుగుతుంది, దిగి కొత్తది కొట్టాలి. రాజగోపాల్ మోజెస్ కొట్లో చేరి వీటన్నిటికీ ఒక్కొక్కటే దారి వెతికాడు. కాళ్ళతో తోయాల్సింది పళ్ళని కాదు, చక్రాలని. చక్రాలు కొండ వైపుకి తిరిగితే మిషను జారకుండా పైకి పాకుతుంది. పళ్ళ వరస ఒక్కోదాన్నీ జంట చేతుల మీద వేలాడదీసి, ముందొక బుల్లి చక్రం పెడితే, నేల ఎత్తుపల్లాలెలా ఉన్నా లోతు మారదు. కొయ్య మేకు బదులు స్ప్రింగు, రాయి తగిలితే పన్ను వెనక్కి వంగి మళ్ళీ దిగుతుంది. ఒకరు గీసింది ఇంకొకరు సాగగొట్టేవారు. కొట్లో డీజిల్ ఇంజన్‌తో తిరిగే బెల్టుల చప్పుడు తప్ప గంటల తరబడి మాటుండేది కాదు. ఇద్దరికీ అదే బాగుండేది.

మొదట్లో అతను రబ్బరు టైర్లు పెడదామన్నాడు. మోజెస్ నవ్వాడు.

"వద్దు రాజ్. ఇవాళ రబ్బరన్నవాడు రేపు రోడ్డంటాడు. ఎల్లుండి ట్రాక్టరంటాడు."

"టైరుకింత కథుందా?"

"దేనికైనా ఉంటుంది. మేం ముందే చదువుకుంటాం, అంతే."

ఇంట్లో మాత్రం ఇదంతా నవ్వులాటే. కామేశ్వరి ల్యాబ్ నుంచి వచ్చి, అతని బట్టలు ముక్కుకి దూరంగా పెట్టి మెషీన్‌లో వేసేది. "మా అత్తగారు అమెరికా అల్లుడనుకుంటూ మురిసిపోయింది కాదు గానీ, కమ్మరి కొలిమి దగ్గరికి కారేసుకుని వెళ్ళే మొగుడు నాకొక్కదానికే దొరికాడు!"

"మీ అత్తగారికి నేను అల్లుణ్ణెలా అవుతానే?"

"ఏదో ఒకటి. మా అమ్మనుకోండి!"

కూతురు జయంతి ఏడుపు ఇంకో రకం. "డాడీ, స్కూల్లో అందరూ వాట్ డజ్ యువర్ డాడ్ డూ అంటే ఐ డోంట్ నో వాట్ టు సే. హార్సెస్ అని చెప్పాలా?"

ఎనభై నాలుగు జూన్‌లో మోజెస్ బావమరిది చేలో మిషనుని పరీక్షకి దించారు. గుర్రాలు మొక్కజొన్న ఆకులు మేయకుండా మోజెస్ వాటి మూతులకి తీగ బుట్టలు కట్టాడు. రాజగోపాల్ పకపకా నవ్వాడు. "మా ఊళ్ళోనూ కడతాం. చిక్కం అంటాం దీన్ని." మోజెస్ ఆ మాట రెండు మూడుసార్లు అని చూసుకున్నాడు. ఎంతన్నా నోరు తిరగలేదు. సాలు చివరిదాకా తోలాక వెనక్కి నడిచొస్తూ, పడిపోయిన మొలకల కోసం నేలంతా వెతికాడు. వాళ్ళలో పొగడ్త తప్పు. టోపీ తీసి, నుదురు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. రాజగోపాల్‌కి అది చాలింది.

ఇక మిగిలింది సంఘం. ఆ ఊరి ఆమిష్ సంఘం వసంతంలో ఒకసారీ ఆకురాలే కాలంలో ఒకసారీ కూర్చుంటుంది. కొత్త పనిముట్టు ఏదైనా చేలోకి రావాలంటే అక్కడ అందరూ సరేననాలి. సరేనంటే మోజెస్ కొట్లో ఇలాంటివి వరసగా తయారవుతాయి, ఆ కొండల నిండా రాజగోపాల్ మిషను తిరుగుతుంది. కాదంటే ఉన్న ఒక్కటీ మూలకి పోవాలి.

టెక్సస్‌లోని ప్లేనో నుంచి శ్యామ్‌సుందర్ ఫోన్ మీద ఫోన్. ఖరగ్‌పూర్‌లో రాజగోపాల్ రూమ్మేటు.

"గురూ, నేను మేనేజర్‌తో ఆల్రెడీ మాట్లాడేశాను. టెలిఫోన్ స్విచ్‌ల క్యాబినెట్లు డిజైన్ చెయ్యాలి. షీట్ మెటల్ వర్కే. నువ్వు రెజ్యూమే పంపితే చాలు."

"అక్టోబరు దాకా ఆగు శ్యామ్."

"అక్టోబర్‌లో ఏముంది? గుర్రం ఈనుతుందా?"

కామేశ్వరి వంటింట్లోంచి వింది. ఫోన్ పెట్టేశాక చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఒక మాట చెప్తా, వినండి. వాళ్ళు ఒప్పుకుంటే ఇక్కడే ఉందాం, నేనింకేం సణగను. ఒప్పుకోకపోతే ప్లేనో. అప్పుడు మీరు సణగకూడదు."

"సరే" అన్నాడు రాజగోపాల్. ఇద్దరూ చిన్నపిల్లల్లా చేతిలో చెయ్యి వేసుకున్నారు.

దసరా వచ్చింది. పెద్దలు సోమవారం వచ్చి మిషను చూసి, ఆ తర్వాత సంఘంలో పెడతారని మోజెస్ చెప్పాడు. అంతకు ముందు శనివారం, మోజెస్ భోజనానికి ఇంట్లోకి వెళ్ళిన వేళ, కొట్టు ముందు కామేశ్వరి కారు ఆగింది. రెండేళ్ళలో ఆమె అక్కడికి రావడం అదే మొదలు. ఉతికి ఆరేసిన చీర, పైన కోటు, చేతిలో స్టీలు డబ్బా.

"ఇదేనా?" అంది.

"ఇదే."

మిషను చుట్టూ ఒకసారి తిరిగింది. సీటు మీద చెయ్యి పెట్టి చూసింది. పాదాలు పెట్టే చోటు వంగి చూసింది. "బానే చేశారే" అంది. ఆ గొంతులో వెటకారం లేకపోయేసరికి రాజగోపాల్ పక్కకి తిరిగాడు.

"పనిముట్టుకి పండగరోజు కదండీ. మీ నాన్న గుంటకకి బొట్టు పెట్టకుండా ఉండేవారా?" డబ్బా మూత తీసి పసుపు తడిపి పళ్ళ కొసనున్న ఒక్కో కర్రుకీ రాసింది, పైన కుంకుమ. చక్రం కింద నిమ్మకాయ పెట్టి, "తొక్కించండి" అంది. అతను భుజం ఆనించి తోశాడు. కాయ చిట్లి, ఇనుప వాసనలో నిమ్మ వాసన కలిసింది. కామేశ్వరి దండం పెట్టుకుంది. "వాళ్ళు ఒప్పుకోవాలని మొక్కుకున్నా. ప్లేనో నాకేం అక్కర్లేదు" అని, జయంతిని తీసుకురావాలంటూ వెళ్ళిపోయింది.

ఆమె కారు రోడ్డెక్కిన కాసేపటికే కింద గుర్రం డెక్కల చప్పుడు. సోమవారం దాకా ఆగకుండా, ఇటుగా పోతూ పెద్దలు ఇవాళే వచ్చేస్తున్నారు.

రాజగోపాల్ రుమాలు తీశాడు. వంగాడు. మొదటి కర్రు మీద బొట్టు కొంచెం వంకరగా ఉంది, కామేశ్వరి వేలి గీతలు కూడా కనిపిస్తున్నాయి. బగ్గీ మలుపు తిరిగింది. అతను రుమాలు మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

బగ్గీ దిగిన బిషప్పు సైమన్ ముసలివాడు, నెమ్మదైన మనిషి. మోజెస్ ఇంట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు. సైమన్ జంట చేతులు కిందికీ పైకీ ఆడించి చూశాడు. స్ప్రింగు లాగి చూశాడు. "మంచి పని" అన్నాడు. తర్వాత కర్రు దగ్గర ఆగాడు.

"ఈ ఎరుపేమిటి?"

రంగనొచ్చు, తుప్పనొచ్చు. మోజెస్ నేల చూస్తున్నాడు.

"మా ఆవిడ పెట్టింది" అన్నాడు రాజగోపాల్. "పనిముట్టుకి దండం పెట్టే పండగ మాకివాళ."

"ఇనుముకా?"

"ఇనుముకి కాదు..." అని ఆగాడు. "అవును. ఇనుముకే."

సైమన్ తల పంకించాడు. కోపం లేదు. మనింటికొచ్చిన చుట్టం పొరపాటున దేవుడి గదిలోకి చెప్పులతో నడిస్తే పెద్దవాళ్ళు ఎలా చూస్తారో, అలా చూశాడు. బగ్గీ వెళ్ళిపోయింది. మోజెస్ చీపురు తెచ్చి నిమ్మతొక్కలు ఊడ్చి, చేటలోకెత్తి, బయట పారేశాడు.  

సంఘం పై వారం ఆదివారం కూర్చుంది. సోమవారం పొద్దున రాజగోపాల్ కొట్టుకి వెళ్ళాడు. తలుపు తీసే ఉంది. మిషను ఎక్కడుండేదో అక్కడ ఖాళీ నేల. గోడవారన విప్పిన ముక్కలు పేర్చి ఉన్నాయి. చక్రాలు ఒక వైపు, సీటు ఒక వైపు. జంట చేతులకి గ్రీజు పూసి గోనెలో చుట్టారు. కర్రులన్నీ వరసగా. వాటి మీద పసుపు లేదు, కుంకుమ లేదు. ఇసుక వేసి ఎంతసేపు తోమారో, తళతళలాడుతున్నాయి.

మోజెస్ దాగలి ముందు, ఇటు వీపు పెట్టి, సుత్తితో కొడుతున్నాడు. కారు కంకర మీదికొచ్చిన చప్పుడు వినకుండా ఉండడు. కుక్క మొరిగింది కూడా. తిరగలేదు. తిరిగితే చెప్పాలి. నువ్వింక రావద్దని చెప్పాలి. చెప్పకపోతే సంఘం అతన్ని నిలదీస్తుంది, పెళ్ళాం పిల్లలతో ఒక బల్ల దగ్గర కూర్చుని తిననివ్వదు. అదంతా రాజగోపాల్‌కి తెలుసు.

కొలిమి వైపు చూశాడు. నిప్పు లేదు. దాగలి మీద ఉన్నది చల్లటి ఇనుము. ఎంత కొట్టినా సాగేది కాదు, వంగేది కాదు. మోజెస్ కొడుతూనే ఉన్నాడు.

రాజగోపాల్ అరువు తీసుకెళ్ళిన పానా జేబులోంచి తీసి, చప్పుడు కాకుండా బల్ల మీద దాని చోట పెట్టాడు. వెళ్ళొస్తానన్న మాట నాలుక దాకా వచ్చింది. మళ్ళీ వచ్చేది లేదు కదా. ఆ మాట మింగేశాడు. ఇంటికెళ్ళి కామేశ్వరికి ఏం చెప్పాలో తలుపు దాటేలోపే తేల్చుకున్నాడు. బరువెక్కువైందన్నారు.

కారు వాలు దిగి మలుపు తిరిగేదాకా సుత్తి చప్పుడు ఆగలేదు.