మూడో వాయి దిగేదాకా

ఇందుమూలంగా సమస్త డుంబ్రిగుడ సంత జనులకు తెలియజేయడమేమనగా: నా టీ కొట్టులో ఇకనుంచి రెండో పొయ్యి మీద బెల్లం టీ కూడా దొరుకును. పగిలిన గ్లాసు పగలగొట్టినవాడిదే. బల్ల మీద కాళ్ళు పెట్టరాదు.

రెండో పొయ్యి ఎలా ఖాళీ అయిందంటారా? ఏళ్ళ తరబడి దాన్ని ఆక్రమించుకున్న కాంపౌండర్ బాబు పోయిన వారం చనిపోయారు.

ఆయన్ని సాగనంపడానికి జనం వానలో తడుస్తూ కొండలు దిగి వచ్చారు. చూసి నాకు కుళ్ళు పుట్టింది. "సచ్చినోడి మీద కూడా కుళ్ళేనేటి?" అని మా ఆవిడ కసిరింది. కొత్తదేం కాదు, బతికున్నప్పటిదే ఇంకా తీరలేదు.

ఎందుకుండదు? పొయ్యి నాది, కట్టెలు నావి, గిన్నె నాది. పేరు ఆయనది. సంతకి వచ్చిన ప్రతిసారీ ఇంజెక్షన్ సూదులు నా పొయ్యి మీదే మరిగించేవారు. నా జోకులకి నవ్వాల్సిన జనం ఆయన చుట్టూ చేరేవారు. మా ఆవిడ సైతం మొదటి గ్లాసు ఆయనకే ఇచ్చేది.

సంతలో ఒక ముసలమ్మ పచ్చబొట్లు పొడిచేది. వచ్చిన గుంటలకి, అంటే ఆడపిల్లలందరికీ, ఒకే సూదులు. బాబు ఆమె పక్కన గొంతుక్కూర్చుని చెప్పారు.

"కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు రోగికి పొడిచిన సూది నాకు గుచ్చుకుందమ్మా. కామెర్లొచ్చాయి. తగ్గాయి గానీ, జబ్బు లోపలే దాక్కుంది. నెత్తురు నుంచి నెత్తురుకి అంటుతాది. కొందరికి ఏళ్ళు పోయాక కాలేయంలో కేన్సరై లేస్తాది."

"అయితే సూదుల్ని పులుసెట్టుకోమంతావేటి బాబూ?"

"పులుసు కాదు, ప్రతి గుంటకీ ముందు మరగబెట్టు. గడియారం లేదంతావా? అదిగో, ఆడి టీ మూడు వాయిలు దిగీదాకా."

అలా నా టీ గడియారమైంది. గర్వపడాల్సింది పోయి, ఆయన మాట నా టీ మీద కూడా నడుస్తోందని మండిపోయాను.

ఒక సంతనాడు రెండో వాయి దించగానే "మూడో వాయి దిగిందహో!" అని కేకేశాను. ముసలమ్మ సూదులు తీసింది. బాబుని భలే బుట్టలో వేశానని మురిసిపోతుంటే, ఆయన నింపాదిగా చెయ్యి చాపారు.

"ఒరే, ఆ మూడో వాయిలోది ఒక గ్లాసియ్యి."

నా దగ్గరేదీ మూడో వాయి?

అప్పుడు చూశాను, ముసలమ్మ ముందు చెయ్యి చాపి కూర్చున్న పిల్లని. మా గుంటే. నేను వెక్కిరిస్తానని తల్లీకూతుళ్ళు నాకు చెప్పకుండా వచ్చారు. అంతకుముందే ఇద్దరికి పొడిచిన సూదులవి.

ఆయన సూదుల్ని మళ్ళీ గిన్నెలో వేయించారు. నా దొంగతనం ఎవరికీ చెప్పలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం నా చెవిలో, "సూదికి ఎవరి గుంటో తెలీదురా" అన్నారు. దానికీ కుళ్ళుకున్నాను, అంత మంచి మాట నాకెందుకు తట్టలేదని.

తర్వాత్తర్వాత, ఆ జబ్బు రాకుండా టీకా వచ్చిందని పట్నంలో డాక్టరు చెప్పారట. "అది ఈ కొండెక్కీదాకా మనకి మరిగిన నీళ్ళే టీకా" అనేవారు బాబు. ఆయనకైతే ఆ టీకా వచ్చినా లాభం లేదు. అప్పటికే కాలేయంలో గడ్డ లేచింది. చూడ్డానికి వెళ్తే పొట్ట ఉబ్బి, కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని, "నా పుణ్యంలో సగం నీ పొయ్యిదేరా" అన్నారు. సాగనంపిన రోజున ఈ మాట కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాను.

నిన్న సంత. ముసలమ్మ వచ్చింది. నన్నడక్కుండానే గిన్నెలో నీళ్ళు పోసి, సూదులు వేసి, రెండో పొయ్యి మీద పెట్టింది. నేను టీ మొదలెట్టాను. ఒక వాయి, రెండు, మూడు. "దిగింది" అన్నాను. ఆమె సూదులు ముట్టుకోలేదు. చెయ్యి చాపింది.

"ముందు మూడో వాయిలోది ఒక గ్లాసియ్యి."

ఇచ్చాను. పొగలు కక్కుతున్న గ్లాసులోకి చూసి, అప్పుడు గిన్నె దించింది. కాబట్టి జనులారా, బెల్లం టీ ప్రకటన రద్దు.

ఇంకొక్కటి. సగం పుణ్యం మాట ఆయన అనలేదు, నేనే కల్పించాను. చూడ్డానికి వెళ్ళిన రోజు ఆయన అడిగిందొక్కటే: "ఈ సంతకి మూడు వాయిలూ దించేవేటిరా?"

దించానన్నాను. అది మాత్రం నిజం.