గుడి గుమ్మం బయట పిన్ని

మణి యాంగోన్ నుంచి ఫోన్ చేసి, "అన్నయ్యా, ఒక్కసారి రా. నీ మాటైతే అమ్మ వింటాది" అంది. అలా మొదలైంది నా ప్రయాణం.

మా అమ్మ చిన్నాన్న, అప్పట్లో రంగూన్ అనే ఆ యాంగోన్‌కు బతుకుతెరువుకు వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఆయన కూతురు సన్యాసమ్మ నాకు పిన్ని. ఆమె కూతురే మణి. పిన్ని ముగ్గురు కొడుకులూ కిందటేడు వానల్లో, అవతలి ఒడ్డున పెళ్ళికి వెళ్ళి వస్తుంటే పడవ బోల్తాపడి పోయారు. అప్పటినుంచి ఆమె అమ్మవారి గుడి గడప తొక్కలేదు. ఆమెను మళ్ళీ గుడికి తీసుకెళ్ళమనే మణి నన్ను పిలిచింది.

విశాఖలో సాయంత్రం రైలెక్కి మర్నాడు కలకత్తాలో దిగాను. అక్కడినుంచి విమానం. "పగోడాలు చూడ్డానికా?" అని పక్క సీటు వ్యాపారి అడిగాడు. చావు పలకరింపుకన్నాను. ఆయన తన బిస్కట్ పొట్లం నా వైపు జరిపాడు.

టాక్సీలో పిన్ని వాళ్ళుండే పేట పజుండౌంగ్ చేరేసరికి కరెంటు లేదు. పిన్ని మెట్టు మీద కూర్చుని విసురుకుంటోంది. "ఎప్పుడు తిన్నావో ఏటో, రా" అని ఎండుచేపల కూరతో అన్నం పెట్టింది. కొడుకుల ఊసెత్తలేదు.

సాయంత్రం టీ కొట్లో మణి అసలు సంగతి చెప్పింది. అంతకు ముందు ఏడాది ఉత్సవంలో పిన్ని ముగ్గురు కొడుకుల్నీ సింహం మీద కూర్చున్న అమ్మవారి ముందు నిలబెట్టి, "నీ కాడ ఒక్క సింవమే, నా కాడ మూడున్నాయి" అందట. అందరూ నవ్వారు. పడవ మునిగాక ఆ నవ్వినవాళ్ళే ఆ మాట గుర్తుచేశారు.

నాకు వెంటనే నయోబీ తలపుకొచ్చింది. గ్రీకు పురాణాల్లో ఒక రాణి. దేవతకు ఇద్దరే పిల్లలు, నాకు బోలెడుమంది అని గర్వపడింది. ఆ ఇద్దరూ బాణాలేసి ఆమె పిల్లల్ని చంపేశారు. ఏడ్చి ఏడ్చి ఆమె రాయైపోయింది. కాలేజీలో ఏటా ఈ కథ చెబుతాను.

మర్నాడు ఉదయం వీధి బండి దగ్గర మొహింగా, అదే చేపల పులుసులో సేమ్యా, తిని ముగ్గురం గుడికి నడిచాం. పిన్ని గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"నవ్వులాటకన్న మాటకి దేవుడు శిక్ష వేస్తాడా పిన్నీ?" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "మరయితే నా బిడ్డలు ఊరికే పోనారంటావా?"

మణి తల దించుకుని లోపలికెళ్ళింది. మేమిద్దరం బయట అరుగు మీద కూర్చున్నాం. ఎందుకో ఆమెకా రాణి కథ చెప్పాలనిపించింది. చెప్పాను.

"రాయయ్యాకయినా ఏడుపాగిందా?"

"లేదంటారు. ఆ రాతి మీంచి నీళ్ళు కారుతూనే ఉంటాయట."

"ఆ బిడ్డల పేర్లేటి?"

"ఆ పేర్లు నాకు గుర్తులేవు."

"తల్లి పేరొక్కటీ మిగిలిందేటి!" అంది. తరవాత మెల్లగా, "మా పెద్దోడు అప్పన్న. బళ్ళో బర్మావోళ్ళు కో ఆంగ్ అనీవోరు. సూర్రావు. ఆడికి ఈతొచ్చు. గవిర్రాజు... ఆడు చిన్నోడు" అంది.

కుంకుమతో వచ్చిన మణి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఏడాదిగా ఆ ఇంట్లో ఆ పేర్లు వినబడలేదట. పిన్ని కుంకుమ పెట్టించుకోలేదు. లోపలికీ వెళ్ళలేదు.

మూడోనాడు తిరుగు విమానమెక్కాను. వెళ్ళేవాళ్ళకు యాంగోన్ మంచి ఊరు. మనుషులు ఆదరంగా చూస్తారు, మన తెలుగు మాట ఇంకా వినబడుతుంది. నేను మాత్రం ఒక తల్లిని గుళ్ళోకి తీసుకెళ్దామని వెళ్ళి, బయటే వదిలి వచ్చాను.