దవడల మేడం

పళ్ల డాక్టర్లు కాబోయే పిల్లలకు ఘానాలోని కుమాసిలో దవడ నొప్పుల పాఠం చెప్పేది డాక్టర్ సెర్వా. ఐదేళ్ల చదువులో ఆ పాఠానికి దక్కింది ఒక్క గంట. అందుకే వరండాలో ఎవరు దొరికినా వాళ్ల చెవుల ముందు వేళ్లానించి నోరు తెరవమంటుంది. "దవడల మేడం వస్తోంది, పారిపోండ్రా!" అని పిల్లలు నవ్వుకుంటారు. మొన్న కాలేజీ ఆసుపత్రిలో, మొక్కజొన్న పిండితో చేసే కెంకీ ముద్దలమ్మే అజోవాకు పన్ను పీకబోతున్న క్వాకు అనే విద్యార్థి చేతిలోంచి మేడం పటకారు లాక్కుని, ఆ చేతినే అజోవా దవడ మీద పెట్టించింది. దవడ రాయిలా ఉంది.

"ఎప్పుడెక్కువ నొప్పి, అక్కా?" అనడిగింది మేడం.

"మా ఆడపడుచు తిడుతున్నంతసేపూ. ఎదురు చెప్పలేక పళ్లు బిగబట్టుకుని కూర్చుంటా."

"పన్నుకేం కాలేదు. నొప్పంతా దవడ కండదే," అంది మేడం.

"మరి పోయినేడు ఇక్కడే, ఇదే నొప్పికి రెండు పీకేశారు కదమ్మా?" అంది అజోవా.

ఈసారి మేడమే పళ్లు బిగబట్టుకుంది.