పెళ్లికూతురితో పటాన్‌చెరు దాకా, ఆగుతూ ఆగుతూ

సంగారెడ్డి నుంచి పటాన్‌చెరుకు కారులో ముప్పావు గంట చాలు. మేము ఉదయం ఎనిమిదీ నలభైకి బయలుదేరాము. చర్చిలో పెళ్లి పదిన్నరకు. గంట ముందే చేరి, నీడన కూర్చుని, పెళ్లికొడుకు తరఫువాళ్లు ఆలస్యంగా వస్తే మాటలు విసరాలని మా మామగారి ఆలోచన.

పెళ్లికూతురు నా మరదలు గ్రేస్. పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీలో నాలుగేళ్లుగా పనిచేస్తోంది. పెళ్లికొడుకుది పటాన్‌చెరు. నా భార్య సుజాతతో సహా బంధువులంతా పొద్దున్నే కిరాయి బస్సులో వెళ్లిపోయారు. పెళ్లికూతురిని, ఆమె తండ్రిని తీసుకెళ్లే గౌరవం నా కారుకు దక్కింది. సెకండ్ హ్యాండులో కొని రెండు నెలలైంది. ముందురోజంతా దానికి సేవ చేశాను. కడిగాను, సీట్లకు తెల్లగుడ్డలు తొడిగాను, బానెట్ మీద బంతిపూల దండ కట్టాను, వెనక సీట్లోకి కొట్టే పెట్రోలు వాసన కూడా రాకుండా చేశాను.

తొమ్మిదింటికి కంది దాటామో లేదో కారుకు నీరసం వచ్చింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే అంత మూలుగుతోంది. మెల్లగా పోనిస్తే ఏమీ లేదు, వేగం పెంచబోతేనే ప్రాణం పోతున్నట్టు చేస్తుంది. పాల క్యాన్లు కట్టుకున్న సైకిలాయన ఒకడు మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి పెళ్లికూతురికి దండం పెట్టి మరీ వెళ్లాడు.

"పెట్రోల్ అయిపోయినట్టుంది అల్లుడా," అన్నారు మామగారు.

"సగం ట్యాంకు చూపిస్తోంది మామా."

"ముల్లు సూపిస్తే నమ్ముతరా? మనుషులనే నమ్మేటట్టు లేదు."

పాకుతూ బంకు చేరి, ట్యాంకు నింపించాము. కారు బాణంలా దూసుకుపోయింది. మామగారు కండువా సర్దుకుని, "నేన్ జెప్పలే?" అన్నారు. రుద్రారం వచ్చేదాకా ఆ మాట మూడుసార్లు అన్నారు. రుద్రారంలో కారు మళ్లీ మూలిగింది.

రోడ్డు పక్కనే రేకుల షెడ్డులో ఖాజా అనే మెకానిక్ ఉన్నాడు. ట్యాంకు మూత తీసి, కారును ఊపి చూసి, "పెట్రోల్ ఫుల్లుంది సార్. ప్లగ్గులు ఖరాబైనయ్," అని తేల్చాడు. నాలుగు ప్లగ్గులూ విప్పి గరుకు కాగితంతో రుద్దుతూ కూర్చున్నాడు. ఈలోగా బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు కారు చుట్టూ చేరారు. ఒక ముసలమ్మ లోపలికి తొంగిచూసి, "పెండ్లి ఈడనేనా బిడ్డా?" అని అడిగింది.

"ఇంకో గంట గిట్లనే ఉంటే ఈడనే అవ్వా," అంది గ్రేస్.

పది దాటాక ఇంజను స్టార్ట్ అయింది. కారు మళ్లీ బాణమే. "ఇగ బొంబాయి దాక పోవచ్చు సార్!" అన్నాడు ఖాజా. బొంబాయి మాట అటుంచి, మేము ఇస్నాపూర్ కూడా చేరలేదు.

టైము పదీ ఇరవై. పాస్టరుగారికి ఒంటిగంటకు వేరే ఊళ్లో ఇంకో పెళ్లి ఉంది. పదకొండుకల్లా మొదలుకాకపోతే సాయంత్రం దాకా ఆగాల్సిందేనని ముందే చెప్పారు. మామగారు రోడ్డుకు అడ్డంపడి లారీని ఆపారు. అందులో అన్నీ ఫ్యాక్టరీ డ్రమ్ములే.

"బిడ్డా, ఎక్కుతవా?"

గ్రేస్ డ్రమ్ముల వైపు చూసింది. చూస్తూనే ఉండిపోయింది. తర్వాత తెల్లచీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని దిగి, లారీ దగ్గరికి కాకుండా కారు వెనక్కి నడిచింది.

"బావా, బంకుల మూత తీసిన్రు, నడిచింది. ఖాజా భాయి మూత తీసిండు, నడిచింది. జెర ఆగుండ్రి."

రెండు చేతులతో మూత తిప్పింది. ట్యాంకు 'స్‌స్‌స్' మంటూ గాలి పీల్చుకుంది. లోపలెక్కడో రేకు 'ఢబ్'మంది.

"గీ మూతకు రబ్బరు ఎవరు బిగిచ్చిన్రు?"

నేనే. మూతకున్న సన్న బెజ్జంలోంచి వాసన వస్తోందని సైకిల్ ట్యూబు ముక్క గుండ్రంగా కోసి లోపల అతికించాను. చీరకు వాసన పట్టకూడదని.

"పెట్రోల్ బయటికి పోతుంటే లోపలికి గాలి రావద్దా బావా? మా ఫ్యాక్టరీల గాలి ఇడువకుండ పంపు పెడితే డ్రమ్ము సొట్టలు పడతది. గుంజి పారేయ్ దాన్ని."

ఇక్కడొక విషయం ఒప్పుకోవాలి. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. గాలి పీడనం పాఠం వచ్చినప్పుడల్లా పిల్లల ముందు రేకు డబ్బా నలిగేలా చేసి చప్పట్లు కొట్టించుకుంటాను. మామగారు నన్ను, ఆమెను మార్చి మార్చి చూశారు. "సైన్సు సారు నువ్వా, అదా?" అన్నారు. నేను ట్యూబు ముక్క పీకే పనిలో పడ్డాను.

పదకొండుకు ఐదు నిమిషాలుండగా చర్చి చేరాము. పాస్టరుగారు గేటు దగ్గర గడియారం చూసుకుంటున్నారు. ఉంగరం తొడగడానికి గ్రేస్ చేయి అందుకున్న పెళ్లికొడుకు ఒక్క క్షణం ఆగి, ముక్కు ఎగబీల్చి, తర్వాత తొడిగాడు. భోజనాల దగ్గర నా పక్కకు వచ్చి, "అన్నా, గ్రేస్ ఏం సెంటు కొట్టుకున్నది?" అని మెల్లగా అడిగాడు.

నాలుగింటికి తిరుగు ప్రయాణం. గ్రేస్‌ను అక్కడే వదిలి, సుజాత, మామగారు, నేను. కారు ఎంత తొక్కితే అంత పోతోంది. ఇస్నాపూర్ దగ్గర మామగారు వెనక సీట్లోంచి, "అల్లుడా, జెర ఆపు. చాయ తాగుదం," అన్నారు. తాగుతూ, అడగని చాయ్‌వాలాకు పొద్దుటి కథంతా చెప్పారు. "గంత పెద్ద ఇంజనీర్లకు గూడ తెల్వది. మా బిడ్డ ఒక్క సూపుల పట్టింది!" కథలో నేను లేను. అందుకు సంతోషించాను.

రుద్రారంలో మళ్లీ ఆపించారు. మళ్లీ చాయ్, మళ్లీ కథ. కందిలో మూడోసారి ఆపమంటే, "ఇంకెన్ని చాయ్‌లు నాయినా?" అంది సుజాత.

"ఇంటికి పోయి ఏం జేస్తం బిడ్డా? గిప్పుడే ఏం జల్దీ?" అన్నారాయన, గ్లాసులోకి చూస్తూ.

సుజాత దిగి తనూ ఒక చాయ్ చెప్పింది.

ఆ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. రోడ్డు బాగుంటుంది, అడుగడుగునా చాయ్ దొరుకుతుంది, మెకానిక్‌లు మంచివాళ్లు. కారుకు ఏ జబ్బూ లేకపోయినా, వచ్చేటప్పుడు కూడా మాకు రెండు గంటలు పట్టింది.