ముచ్చట చెప్పందే ముట్టదు

మా నాయినమ్మ పోయింది. సోమవారం మధ్యాహ్నం, నేను డ్యూటీలో ఉండగా. వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే పాట: "పాపం, దేవతసొంటిది. ఎవ్వలను ఒక్క మాట అనలే."

పచ్చి అబద్ధం. ఆమె అననిది ఎవర్ని? నేను పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో చేరిన నాటినుంచి నన్నైతే రోజూ అంది.

షిఫ్టు దిగి, బస్సులో నిలబడి మా ఊరు భానూర్ చేరేసరికి నాకు కడుపులో ఎలుకలు పరిగెత్తేవి. ఆమె కంచం ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చునేది. నా ముచ్చట వినందే తను ముద్ద ముట్టదు, నాకు పెట్టదు.

"ముందుగాల ముచ్చట చెప్పు. ఇయ్యాల ఏమైంది?"

"ఏం గాలే. బువ్వ పెట్టు."

"ఏం గాకుంటే పొద్దంత ఏం జేసినవే?"

ఒళ్లు మండేది. కసురుకుంటూనే చెప్పేదాన్ని. ఆమె కూడా తగ్గకుండా, తను కూలికి పోయి కలుపు తీసేటప్పుడు నడుము ఎత్తనివ్వని పటేలు సంగతి తీసేది. మేం ప్రేమగా మాట్లాడుకున్న రోజు ఒక్కటీ లేదు. కానీ ఆ ఇంట్లో ఏమైందని నన్ను అడిగింది ఆమె ఒక్కతే.

ఒకరోజు నా చేతుల మీద దద్దుర్లు చూసింది. సూపర్‌వైజర్ గ్లౌజులు ఇవ్వకుండా పౌడర్ రూములోకి పంపుతున్నాడని చెప్పక తప్పలేదు.

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? పనిలకెళ్లి తీసేస్తడు."

"పటేలు కాడ నేను గూడ గట్లనే ఊకున్న. ఈ నడుము సూడు. అనాలె పొల్లా!"

ఇగ రోజూ అదే గోల. "అన్నవా?" "అనలే." దాని మీదే కొట్లాట.

ఆమె పోయిన మూడో రోజు పిట్టకు పెట్టారు. కాకి ముడితేనే పోయినవాళ్లు తిన్నట్టు. విస్తట్లో ఆమెకు ఇష్టమైన తలకాయ కూర పెట్టి, పక్కన కల్లు పోశారు. తుమ్మచెట్టు మీది కాకులు ఒక్కటీ దిగలేదు. "పొల్లకు మంచి సంబంధం సూస్తం" అని మేనత్త మొక్కింది. "స్లాబు ఇల్లు కట్టిస్త" అన్నాడు మా నాయన. ఆమె ఎన్నడడిగింది ఇవన్నీ? నాకు తిక్క రేగింది. అందర్నీ పక్కకు జరిపి విస్తరి ముందు కూలబడ్డాను.

"ముచ్చట చెప్పందే ముట్టవు గదా ముసల్దానా! ఇను. అన్న. సోమవారం పొద్దుగాల్నే అన్న. గ్లౌజులిస్తెనే లోపటికి పోత అన్న. తీసేస్త అన్నడు. తీసెయ్ అన్న. గుణుక్కుంట తెచ్చి ముందల పడేసిండు. నీకు చెప్పాలని బస్సు దాక ఉరికిన. జెరసేపు ఆగితే నీ సొమ్మేం పోయేది?"

"కాకి ముట్టింది!" అని వెనక ఎవరో అరిచారు. నేను తలెత్తలేదు. ఆ సూపర్‌వైజర్ మొహం ఎట్లా మాడిపోయిందో ఆమెకు ఇంకా చెబుతూనే ఉన్నాను.