పదిహేను గజాల గురి

1978. విశాఖపట్నం వన్‌టౌన్‌లో లైసెన్సు తుపాకులు బాగుచేసే కొట్టు నాది. అచ్యుతాపురం వైపు చెరకు రైతు అప్పలనాయుడు తన రైఫిల్‌తో పాటు ఓ స్కోప్ తెచ్చాడు. స్కోప్ అంటే తుపాకీ మీద బిగించే చిన్న దుర్భిణి. ఓడలో పనిచేసే చుట్టమెవరో ఇచ్చాడట. అడవిపందులు తోట పాడుచేస్తున్నాయని, చంపడానికి పర్మిట్ వచ్చిందని చెప్పాడు. స్కోప్ బిగించడం నాకదే మొదలు. ఆ మాట చెప్పడానికి నామోషీ అనిపించింది.

ఊరి బయట పాత క్వారీలో, అలవాటు ప్రకారం పదిహేను గజాల దూరంలో ఇసుక బస్తా పెట్టి కాల్చి చూశాను. స్కోప్‌లోని ప్లస్ గుర్తు ఎక్కడుంటే గుండు అక్కడే పడేలా మరలు తిప్పాను. దీన్నే జీరోయింగ్ అంటారు. మహా గొప్పగా చేశాననుకుని ఇచ్చి పంపాను.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటుంటే బుర్రలో పురుగు దొలిచింది. గొట్టాన్ని అంటుకుని ఉండే మామూలు గురికి పదిహేను గజాలు చాలు. స్కోప్ గొట్టానికి ఒకటిన్నర అంగుళం పైన కూర్చుంటుంది. చూపూ గుండూ అంత దగ్గర్లో కలిశాయంటే, అక్కణ్ణుంచి గుండు చూపుకి పైపైకి పోతుంది. ఎంగిలి చేత్తోనే కాగితం మీద గీసి చూశాను. వంద గజాల్లో అరడుగు ఎత్తున పోతుంది. నాయుడు చెప్పిన వేట ఆ సాయంత్రమే. మనుషులు డప్పులు కొడుతూ చెరకులోంచి పందిని తరుముతారు. గుండు పంది మీంచి పోతే వాళ్ల వైపే. వెధవ బుర్ర, ఇప్పుడా వెలిగేది అని తిట్టుకుంటూ బస్సు కోసం పరిగెత్తాను.

బస్సు ప్రతి ఊళ్లోనూ ఆగింది. దిగి గట్ల మీద పడి పోతుంటే డప్పులు వినిపించాయి. వెంటనే తుపాకీ పేలింది. చప్పుడు వచ్చిన వైపు పరిగెత్తాను.

నాయుడు తోట అంచున నిలబడి ఉన్నాడు. "గురి తిన్నగానే ఎట్టాను బాబూ. పంది పారిపోనాది. ఏటయ్యిందో తెల్డం లేదు," అన్నాడు.

ఇద్దరం అవతలి గట్టుకు వెళ్లాం. తాటిచెట్టులో నడుమెత్తున గుండు దిగి ఉంది. దానికి బారెడు దూరంలో అతని బావమరిది డప్పు పక్కన పెట్టుకుని చుట్ట వెలిగించుకుంటున్నాడు.

నాయుణ్ణి పక్కకు పిలిచి, తప్పు నాదేనని, ఎక్కడ పొరపాటు పడ్డానో అంతా చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. అతను చెట్టుకు పడ్డ కన్నంలో వేలు పెట్టి చూశాడు.

"మా ఇంటిదానికి సెప్పకు బాబూ. దానికి ఈడొక్కడే తమ్ముడు."

ఎంత దూరంలో కాలుస్తారో అడిగి, ఆ దూరంలోనే పరీక్షించకుండా ఆ తర్వాత ఏ రైఫిలూ నా కొట్టు గడప దాటలేదు. తుపాకీ బాగుచేసిన బాబుకని నాయుడి భార్య ఏటా బెల్లం దిమ్మ పంపేది. మా పిల్లలు ఇష్టంగా తినేవారు. నేను మాత్రం ఒక్క ముక్క కూడా నోట పెట్టలేకపోయాను.