అంకెలను నమ్మని సుందరం

మా సుందరం థర్మామీటరును అబద్ధాలకోరని తిట్టి, నూటనాలుగు జ్వరంతో బీదర్ నుంచి హైదరాబాదు దాకా నడిచి వెళ్లాడు. సరే, అంత దూరం కాదు, ఊరి పక్కనున్న చిద్రి దాకానే. జ్వరం కూడా వందే. కానీ తిట్టడం మాత్రం నా చెవులారా విన్నాను. అంకె చూపించే ఏ వస్తువునీ సుందరం నమ్మడు.

కూరగాయల దగ్గర తక్కెడను పక్కకు నెట్టి వంకాయలను చేత్తో తూచేవాడు. అలాంటివాడు పెట్టుకున్నది లాప్‌టాప్‌లు బాగుచేసే దుకాణం. హైదరాబాదులో రోజుకో కంపెనీ లేస్తున్న కాలం. బీదర్‌లోని మా వీధిలో సగం ఇళ్లకు సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ వచ్చింది.

ఒక మంగళవారం మా వీధి ఏసప్ప కూతురు షెకినా ఏడుపు ముఖంతో వచ్చింది. గురువారం హైదరాబాదులో ఇంటర్వ్యూ. తాను రాసిన ప్రోగ్రాం తన లాప్‌టాప్ మీదే నడిపి చూపాలి. అక్కడ ప్లగ్గు దొరకదని ముందే చెప్పారట.

"మామా, నిన్న కొత్త బ్యాటరీ ఏసినవ్ గదా. అరవై శాతం ఉందంటది, రెండు నిమిషాలకే బంద్ అయితాంది."

"అరవై అని ఎవరు చెప్పిండ్రు?"

"అదే చూపిస్తాంది."

"అది చెప్తే నమ్మినవా? దాని తలకాయల ఇంకా పాత బ్యాటరీ లెక్కే ఉంది బిడ్డా. కొత్తదాన్ని నిండా నింపాలె, రెండు గంటలు అట్లనే ఉంచాలె. తర్వాత వైరు పీకి, దానంతట అది ఆరిపోయేదాక నడపాలె. మళ్ల నడుమ ఆపకుండ నింపాలె. గప్పుడు దానికి బుద్ధొస్తది."

బ్యాటరీ ఖాళీ చేయడానికి మా బజారు ఏసురాజు పెళ్లి డీవీడీ పెట్టాడు. ప్రతి బ్యాటరీకీ అదే డీవీడీ. పెళ్లికొడుకు మేనమామ పదకొండు లడ్డూలు తిన్నాడని బజారంతటికీ తెలుసు.

"పదకొండని నువ్వు చూసినవా అన్నా?" అన్నాడు సుందరం నాతో. "నేను నమ్మ."

బుధవారం సాయంత్రం లాప్‌టాప్ ఇచ్చేశాడు. "నూరు చూపిస్తాంది మామా," అంది షెకినా సంబరంగా.

"చూపియ్యనీ," అన్నాడు.

ఏసప్పకు డ్యూటీ ఉండడంతో గురువారం పిల్లకు తోడు నేను వెళ్లాను. బస్సులో చివరి సీట్లో ముఖం మీద తువ్వాలు కప్పుకొని ఒకాయన. తువ్వాలు లాగితే సుందరం.

"ఎక్కడికి?"

"చుట్టాలింటికి."

ఆ చుట్టాలు సరిగ్గా షెకినా వెళ్లిన కంపెనీ గేటు ఎదుటే ఉన్నట్టున్నారు. మూడు గంటలు ఎండలో నిలబడ్డాడు. చంకలో ఏదో మూట. విప్పి చూస్తే అదే మోడల్ బ్యాటరీ, తన సొంత లాప్‌టాప్‌లోంచి పీకి, నిండా నింపి తెచ్చింది.

"నువ్వే బాగుచేసినవ్ గదా?"

"నేను చేసిన్నని నమ్ముతనా అన్నా? ఆడ ఆరిపోతే పిల్ల గతేంది?"

షెకినా నవ్వుకుంటూ బయటికొచ్చింది. ప్రోగ్రాం నలభై నిమిషాలు నడిచిందట, ఇంకా యాభై రెండు శాతం మిగిలిందట, ఉద్యోగమూ వచ్చిందట. నేను వెనక్కి తిరిగేసరికి సుందరం లేడు.

ఇదంతా రాసి మొన్న ఆయనకే చదివి వినిపించాను. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నేను ఆ దినం బీదర్ దాటలే. పొద్దంత దుకాణంలనే ఉన్న. నీకెవరో చెప్పిండ్రు, నువ్వు నమ్మినవ్."